సినిమాలో చూసిందీ, నిజంగా జరిగేదీ: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో కళాశాలల్లోనూ, అపార్ట్‌మెంట్లలోనూ, గాజువాక వైపు కర్మాగారాల్లోనూ ప్రథమ చికిత్స నేర్పడం నా పని. సినిమాలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. తరగతి ఏ విషయంతో మొదలైనా "మరి సినిమాలో అలా చూపిస్తారు కదా మేడమ్?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. అలా వచ్చిన ప్రశ్నల్లో ముఖ్యమైనవాటికి ఇక్కడ జవాబులు రాశాను. కొన్ని వైద్యం దాటి పోలీసులు, కోర్టులు, ప్రేమ, వార్తల దాకా వెళ్లాయి. అడిగినవాళ్లు అంతదూరం వెళ్లారు కాబట్టి నేనూ వెళ్లాను.

సినిమా కల్పన అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. దానివల్ల నష్టమేమిటి?

కథానాయకుడు ఒక్క దెబ్బతో పదిమందిని గాల్లోకి లేపితే ఎవరూ నమ్మరు. ఈలలు వేస్తారు, ఇంటికి వచ్చి మామూలుగా ఉంటారు. అక్కడ నష్టం లేదు. నష్టమంతా మనం పట్టించుకోని చోట ఉంది. నీళ్లలో మునిగే మనిషి చేతులెత్తి కేకలు వేయడం, పాము కరిచిన చోట నోటితో పీల్చి ఉమ్మేయడం, గాయపడ్డవాణ్ని ఆసుపత్రికి తెచ్చినవాణ్ని పోలీసులు నిలదీయడం. ఇవి కథలో పక్కనుంచి వచ్చి పోయే విషయాలు. వీటిని ఎవరూ అనుమానించరు.

పైగా మనలో చాలామంది మునిగిపోతున్న మనిషిని దగ్గరగా చూసి ఉండరు, సాక్షిగా కోర్టు మెట్లు ఎక్కి ఉండరు, ఎదుటి మనిషి గుండె ఆగిపోవడం చూసి ఉండరు. సొంత అనుభవం లేని చోట తెర మీద చూసిందే అనుభవమై కూర్చుంటుంది. ఆపద వచ్చిన నిమిషంలో ఆలోచించే తీరిక ఉండదు. కళ్లు తమకు తెలిసిన దృశ్యం కోసమే వెతుకుతాయి. అది కనిపించకపోతే ఆపద లేదనుకుంటాం. నాకు భయం కలిగించేది ఇదే.

గుండె ఆగినప్పుడు ఛాతీ మీద ఒత్తితే మనిషి లేచి కూర్చుంటాడా?

దాదాపుగా ఎప్పుడూ అలా జరగదు. అయినా ఒత్తి తీరాలి. ఈ రెండు మాటలనూ కలిపి అర్థం చేసుకోవడమే కష్టం.

1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. మూడు అమెరికా టీవీ కార్యక్రమాల్లో సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ ఒత్తి, ఊపిరి ఊదడం) చేసిన సన్నివేశాలు లెక్కగట్టారు. తెర మీద నాలుగింట మూడొంతుల మందికి అక్కడికక్కడే ప్రాణం తిరిగి వచ్చింది. 67 శాతం మంది ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికి వెళ్లేట్టు కనిపించారు. నిజ జీవితంలో ఆసుపత్రి బయట గుండె ఆగితే, అంబులెన్సు వ్యవస్థ గట్టిగా ఉన్న దేశాల్లో కూడా బతికి బయటపడేది పదిమందిలో ఒకరు. తెరను నమ్మినవాళ్లు రెండు నిమిషాలు ఒత్తి, మనిషి కళ్లు తెరవకపోతే "అయిపోయింది" అని ఆపేస్తారు. ఆపకూడదు. అంబులెన్సు వచ్చేదాకా గానీ, మనిషిలో కదలిక వచ్చేదాకా గానీ కొనసాగించాలి. ఒకరు అలసిపోతే మరొకరు అందుకోవాలి.

ఒత్తే తీరు కూడా తెర మీద తప్పే. తరగతిలో బొమ్మను నేల మీద పడుకోబెట్టి "చేయండి" అంటాను. కొత్తగా వచ్చినవాళ్లు మోచేతులు వంచి, భుజాలు ఊపుతూ, ఛాతీని నిమిరినట్టు ఒత్తుతారు. సినిమాలో నటులు చేసేది అచ్చంగా ఇదే. వాళ్లను తప్పుపట్టలేం. కింద పడుకున్నది కూడా గుండె చక్కగా కొట్టుకుంటున్న నటుడే. నిజంగా ఒత్తితే అతని పక్కటెముకలు విరుగుతాయి. అందుకే మోచేతులు వంచి బరువు పడకుండా చూసుకుంటారు. మనం చేయాల్సింది దానికి సరిగ్గా ఎదురు. మోచేతులు నిటారుగా ఉండాలి, భుజాలు చేతులకు నేరుగా పైన ఉండాలి, ఛాతీ ఎముక మధ్యలో అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం) ఆనించి, ప్రతిసారీ 5 సెంటీమీటర్ల లోతు దిగేట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఒత్తాలి. చేస్తుంటే టక్కుమని ఎముక శబ్దం రావచ్చు. భయపడి ఆపకండి.

మానిటర్ మీద గీత చదునుగా అయిపోగానే షాక్ ఇస్తారు కదా?

ఇవ్వరు. గుండెలో విద్యుత్తు అస్తవ్యస్తంగా కొట్టుకుంటున్నప్పుడు దాన్ని ఒక్కసారి నిలిపి, మళ్లీ లయలోకి తీసుకురావడానికే షాక్. గీత పూర్తిగా చదునుగా ఉంటే సరిదిద్దడానికి లయే లేదు. అప్పుడు చేసేవి సీపీఆర్, మందులు.

ఆర్కే బీచ్‌లో అంతమంది ఉన్నా మనుషులు ఎలా మునిగిపోతారు? కేకలు వినపడవా?

వినపడవు, ఎందుకంటే కేకలే ఉండవు. నేను అన్నిటికంటే ఎక్కువసేపు చెప్పే జవాబు ఇది.

కేక వేయాలంటే ముందు ఊపిరి కావాలి. మునుగుతున్న మనిషి నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ ఆడుతుంటుంది. పైకి వచ్చిన ఆ కాస్త క్షణంలో గాలి పీల్చుకోవడానికే సరిపోదు, ఇక అరవడం ఎక్కడ? చేతులు ఊపడం కూడా అతని వశంలో ఉండదు. శరీరం తనంతట తానే రెండు చేతులనూ పక్కలకు చాచి, నీటిని కిందికి అదుముతూ తల పైకి తేవాలని చూస్తుంది. తల వెనక్కి వాలి ఉంటుంది, నోరు తెరిచి ఉంటుంది, జుట్టు కళ్ల మీద పడినా తీసుకోరు. శరీరం నిలువుగా ఉంటుంది, కాళ్లు ఆడవు. ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు ఇదంతా కెరటాల్లో ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఈ దశ 20 సెకన్ల నుంచి ఒక నిమిషం లోపే ముగిసిపోతుంది. పక్కనే నిలబడి సెల్ఫీ తీసుకుంటున్న స్నేహితులకు తెలియకుండా పిల్లలు పోతున్నారంటే కారణం అజాగ్రత్త ఒక్కటే కాదు. వాళ్ల మనసులో మునగడమంటే చేతులు ఊపడం, "రక్షించండి" అని అరవడం. అది కనిపించలేదు కాబట్టి ఆపద లేదనుకున్నారు.

మన తీరంలో ఇంకో మోసం ఉంది. కెరటాలు విరుగుతున్న రెండు చోట్ల మధ్య నీళ్లు ప్రశాంతంగా కనిపించే సందు ఒకటి ఉంటుంది. ఈత రానివాళ్లు అదే క్షేమమని అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే దారి తరచుగా అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకు తిరగాలి. యారాడ, రుషికొండ, భీమిలి ఎక్కడైనా ఇదే.

ఎవరైనా మునుగుతుంటే కథానాయకుడిలా దూకకండి. మునిగేవాడు అందిన మనిషిని పట్టుకుని తొక్కి పైకి రావాలని చూస్తాడు. ఒకరి కోసం దిగి ఇద్దరు పోయిన ఉదంతాలు ఈ ఊళ్లో ఎన్నో. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, థర్మోకోల్ పెట్టె, తాడు, దొరికింది విసరండి. లైఫ్‌గార్డులను, దగ్గరలో ఉన్న మత్స్యకారులను పిలవండి. బయటికి తెచ్చాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మరో సినిమా అలవాటు. అలా నొక్కితే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊది, ఛాతీ ఒత్తడం మొదలుపెట్టాలి.

గుండెపోటు వస్తే ఛాతీ పట్టుకుని కుప్పకూలతారు కదా?

కూలేవాళ్లూ ఉంటారు. చాలామంది మాత్రం నడుచుకుంటూనే ఉంటారు, మాట్లాడుతూనే ఉంటారు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు, దవడలోనో ఎడమ చేతిలోనో వీపులోనో లాగినట్టు, చల్లటి చెమటలు, ఆయాసం. మధుమేహం ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి అంతగా లేకుండానే రావచ్చు. "గ్యాసేలే, సోడా తాగితే పోతుంది" అని గంటలు గడిపేసే ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. చెడు వార్త వినగానే నాన్నగారు నేల కూలే సన్నివేశాన్ని ఇన్నేళ్లు చూసి, నిలబడి ఉన్న మనిషికి గుండెపోటు ఉండదని తీర్మానించుకున్నాం. అనుమానం వస్తే ఈసీజీ తీయించండి. నడిపించకండి, స్కూటర్ మీద కూర్చోబెట్టకండి.

పాము కాటుకు నోటితో విషం పీల్చేయవచ్చా?

వద్దు. పీల్చినా రాదు. కోయవద్దు, బిగించి కట్టవద్దు. రక్తం ఆడక కాలో చెయ్యో పోతుంది. కరిచిన భాగం కదలకుండా, విరిగిన ఎముకకు కట్టినట్టు ఆసరా కట్టి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ పనిచేసే ఒకే మందు మన దేశంలో వాడుతున్నారు కాబట్టి పామును చంపి పట్టుకెళ్లాల్సిన పని కూడా లేదు. ఇంకో మాట. తెర మీద పాము పడగ విప్పి బుస కొడుతుంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరిస్తే నొప్పి అంతగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారి కనురెప్పలు వాలిపోతుంటేనో, మింగడం కష్టమవుతుంటేనో పాము కాటేమోనని అనుమానించాలి.

రోడ్డు ప్రమాదంలో పడ్డవాళ్లను తీసుకెళ్తే మనం కేసులో ఇరుక్కుంటాం కదా?

ఇరుక్కోరు. ఈ భయం ఎంతమంది ప్రాణాలు తీసిందో తలచుకుంటే బాధగా ఉంటుంది.

"ఇది పోలీసు కేసు, ఎఫ్ఐఆర్ లేకుండా చేయి వేయం" అని వైద్యుడు చేతులెత్తేసే సన్నివేశం తెలుగులో తరతరాలుగా నడుస్తోంది. అదీ కాకపోతే తీసుకొచ్చినవాణ్నే పోలీసులు ముద్దాయిగా చూస్తారు. కథకు ఉద్వేగం వస్తుంది, ప్రేక్షకుడి మనసులో మాత్రం ఒక నియమం ముద్రపడుతుంది. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ముందు చికిత్స, తర్వాతే చట్టపరమైన లాంఛనాలు; ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా అంతే. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తోంది. మంచి ఉద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసు గానీ, క్రిమినల్ కేసు గానీ పెట్టరాదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయరాదు.

ఒక ఆటో డ్రైవర్ల బృందానికి తరగతి చెబుతున్నప్పుడు వెనక వరుసలోంచి ఒక పెద్దాయన, "అమ్మా, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఎవరైనా పడి ఉంటే మాకూ దిగాలనే ఉంటుంది. కానీ స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక మాకెక్కడిది?" అన్నారు. ఆయన ఎప్పుడైనా అలా తిరిగారా అని అడిగాను. లేదన్నారు. తెలిసినవాళ్లెవరైనా తిరిగారా? లేదు. మరి ఎక్కడ చూశారు? కాసేపు ఆలోచించి, "సినిమాల్లోనే" అన్నారు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోయారు. వాళ్లందరి చుట్టూ చూస్తూ నిలబడిన మనుషులున్నారు. జాతీయ రహదారి ఊరి మధ్యగా పోయే నగరం మనది, ఈ ఒక్క అపోహ పోయినా చాలు.

నాడి పట్టుకుని గర్భం వచ్చిందని చెప్పగలరా?

చెప్పలేరు. మూత్ర పరీక్షో, రక్త పరీక్షో, స్కానింగో కావాలి. సినిమాలో పుట్టగానే తెల్లని దుప్పటిలో చుట్టి చూపించే శిశువు కూడా చాలాసార్లు నెలల పిల్లే. నిజంగా అప్పుడే పుట్టిన బిడ్డ ముడతలు పడి, తల కొంచెం సాగి, ఒంటి మీద తెల్లటి పూతతో ఉంటుంది. మొదటి కాన్పు అయిన తల్లులు "బిడ్డ ఇలా ఉందేమిటి" అని కంగారు పడటం ప్రసూతి వార్డుల్లో మామూలే. బిడ్డ బాగానే ఉంది తల్లీ, తప్పు సినిమాలది.

కోర్టులు, పోలీసులు నిజంగా సినిమాలో ఉన్నట్టే ఉంటారా?

మన కోర్టుల్లో న్యాయమూర్తి సుత్తితో కొట్టి "ఆర్డర్, ఆర్డర్" అనరు. సాక్షి భగవద్గీత మీద చేయి వేయడు. దేవుడి పేరున గానీ, అంతరాత్మ సాక్షిగా గానీ ప్రమాణం చేస్తాడు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. కొట్టి నిజం రాబట్టే పోలీసును తెర మీద మెచ్చుకుని చప్పట్లు కొడతాం. ఆ దెబ్బలు తిన్నవాడు నిరపరాధి అయితే అన్న ఆలోచనకు ఆ సన్నివేశంలో చోటే ఉండదు. మనిషి కనిపించకుండా పోతే 24 గంటలు ఆగాలన్నదీ తప్పే. వెంటనే ఫిర్యాదు చేయవచ్చు, ఏ స్టేషన్‌లోనైనా చేయవచ్చు.

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా వదలలేను, ఎందుకంటే ఇప్పుడు దీన్ని ఆసరా చేసుకుని మోసగాళ్లు బయలుదేరారు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న అధికారి, వెనక జాతీయ జెండా, గోడ మీద చిహ్నం, మధ్యలో నల్లకోటు న్యాయమూర్తి. "మీ పేరున వచ్చిన పార్సిల్‌లో మత్తుపదార్థాలు దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, కెమెరా ముందు నుంచి కదలవద్దు" అంటారు. బాగా చదువుకున్నవాళ్లు, జీవితమంతా బాధ్యతగా ఉద్యోగం చేసినవాళ్లు సైతం దాచుకున్న డబ్బంతా పంపేస్తున్నారు. వాళ్లకు తెలివి లేక కాదు. వాళ్లు ఎన్నడూ పోలీసు స్టేషన్ గడప తొక్కని మర్యాదస్తులు. అధికారి ఎలా ఉంటాడన్నది తెర మీదే చూశారు, మోసగాడు అచ్చం అలాగే తయారై వచ్చాడు. స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డులలో పదవీ విరమణ చేసిన కుటుంబాలున్న ఊరు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతోంది. ఫోను పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

వెంటపడితే అమ్మాయి చివరికి ఒప్పుకుంటుందని సినిమాల్లో చూపిస్తారు. మా అబ్బాయి అదే నమ్ముతున్నాడు. ఏం చెప్పాలి?

సూటిగా చెప్పండి. అమ్మాయి ఇష్టం లేదని చెప్పాక కూడా వెంటపడటం, ఫోనులోనో ఇంటర్నెట్‌లోనో ఆమె కదలికలు కనిపెట్టడం నేరం. 2013లో ఇది చట్టంలో చేరింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు.

చట్టం కంటే ముందు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. సినిమాలో కెమెరా అబ్బాయి పక్కన ఉంటుంది. పాట అతనిది, బాధ అతనిది, స్నేహితులు అతని వాళ్లు. బస్టాపులో నిలబడిన అమ్మాయి మనసులో ఏముందో మనకు చూపించరు. కథ రాసినవాళ్లు ఆమె చేత చివరికి నవ్విస్తారు. నిజంగా మద్దిలపాలెం బస్టాపులో రోజూ అదే మనిషి ఎదురుపడితే ఆ అమ్మాయి దారి మార్చుకుంటుంది, ట్యూషన్ మానేస్తుంది, ఇంట్లో చెబితే చదువు ఆపేస్తారని ఎవరికీ చెప్పుకోదు. మీ అబ్బాయిని ఆ సన్నివేశాన్ని ఆమె వైపు నుంచి మళ్లీ చెప్పమనండి. నా తరగతుల్లో చేయించాను. నవ్వుతూ మొదలుపెట్టిన కుర్రవాళ్లు సగంలోనే నవ్వు ఆపేశారు.

సీరియళ్లు కేవలం కాలక్షేపమే కదా?

ఎవరి కాలక్షేపాన్నీ నేను చిన్నచూపు చూడను. రోజంతా చాకిరీ చేసిన మనిషికి రాత్రి అరగంట తనది. ఒక్కటి మాత్రం గమనించండి. రోజువారీ సీరియల్ ముగియకూడదు. ఒక అపార్థాన్ని ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటే ఐదు నిమిషాల్లో తీరిపోతుంది. తీరిపోతే కథ ఆగిపోతుంది. అందుకే మంచి కోడలు నోరు విప్పదు, చాటుగా విన్నవాళ్లు సగమే వింటారు, అత్తగారి చేతిలో ఎప్పుడూ ఒక పన్నాగం ఉంటుంది. ఏళ్ల తరబడి చూస్తే మౌనంగా భరించడమే మంచితనమని, ఇంట్లో ప్రతి మాట వెనకా ఏదో ఉందని అనిపించడం మొదలవుతుంది. మీ ఇంట్లో మాట పెదవి దాటనివ్వండి.

రాత్రి నేర కార్యక్రమాలు చూశాక బయటికి వెళ్లాలంటేనే భయంగా ఉంటోంది. లోకం అంత చెడిపోయిందా?

అమెరికాలో జార్జ్ గెర్బ్నర్ అనే ఆచార్యుడు 1960ల చివరి నుంచి టీవీ హింసను పరిశీలించాడు. ఎక్కువసేపు టీవీ చూసేవాళ్లు లోకం ఉన్నదానికంటే ప్రమాదకరమైనదని, ఎవరినీ నమ్మకూడదని అనుకుంటారని ఆయన వాదన. తర్వాత కొందరు పరిశోధకులు ప్రభావం అంత పెద్దది కాదని వాదించారు. కానీ మన ఛానెళ్లలో ఒకే దృశ్యాన్ని ఎర్ర వలయం గీసి, గుండె దడదడలాడే సంగీతంతో రోజంతా తిప్పడం చూస్తే ఆయన మాట కొట్టేయలేను.

భయం దిశ కూడా తప్పుతుంది. తెర మీద నేరస్థుడు చీకట్లో పొంచి ఉన్న అపరిచితుడు. జాతీయ నేర గణాంకాల ప్రకారం అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. సాయంత్రం బీచ్ రోడ్డుకు వెళ్లనివ్వకుండా ఆడపిల్లను ఇంట్లో ఉంచి, ఇంటికి వచ్చిపోయే మనిషి గురించి ఆమె చెప్పబోయిన మాట వినకపోతే మనం ఏం కాపాడినట్టు?

విశాఖను సినిమాల్లో చూపించే తీరు నిజమేనా?

సముద్రం నిజం, కొండలు నిజం. పోర్టులో అర్ధరాత్రి ముఠాలు కంటైనర్ల మధ్య కాల్చుకోవడం కల్పన. అనుమతి పత్రం లేకుండా గేటు దాటడమే కష్టం, కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానిది. నన్ను ఎక్కువగా నొప్పించేది యాస విషయం. ఉత్తరాంధ్ర మాటను దశాబ్దాలుగా నవ్వించే పాత్రలకు, పనివాళ్ల పాత్రలకు ఇచ్చారు. ఫలితంగా ఇంటర్వ్యూకు వెళ్లే శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు నోరు తెరవడానికి ముందే సిగ్గుపడుతున్నారు.

చరిత్ర సంగతి కూడా అంతే. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలకు వచ్చే పిల్లల్లో కొందరు "ఘాజీని ముంచింది ఇదేనా?" అని అడుగుతుంటారు. ఘాజీ 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి. 2017లో వచ్చిన సినిమాలో భారత జలాంతర్గామి దాన్ని వెంటాడుతుంది. భారత నౌకాదళం చెప్పే ప్రకారం 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ మీద నీటి బాంబులు వేసింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక. పాకిస్తాన్ మాత్రం లోపల జరిగిన పేలుడు గానీ, తన సొంత మందుపాతరలు గానీ కారణమంటుంది. కురుసుర అప్పట్లో పశ్చిమ తీరం వైపు ఉంది. సినిమా చూసి వచ్చినా సంతోషమే, పిల్లల్ని అదే బీచ్ రోడ్డులో ఉన్న విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకం దగ్గరికి కూడా తీసుకెళ్లండి.

అయితే సినిమాలు చూడటం మానేయాలా?

అక్కర్లేదు, నేను మానలేదు. పిల్లలతో చూస్తున్నప్పుడు పాట మధ్యలో ఆపి పాఠం చెప్పకండి, వాళ్లకు విసుగు పుడుతుంది. భోజనాల దగ్గర ఒక్క సన్నివేశం పట్టుకుని "నిజంగా అయితే ఏం జరిగేది?" అని అడిగితే చాలు.

ఆపద వస్తే ముందు ఎవరికి ఫోను చేయాలి?

అంబులెన్సుకు 108. పోలీసు, అగ్నిమాపక దళం, ఏ అత్యవసరమైనా 112. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181. ముందు ఎక్కడున్నారో చెప్పండి: వీధి పేరు, దగ్గరలో ఉన్న గుడో పెట్రోలు బంకో. తర్వాత ఏమైందో చెప్పండి. తెర మీద ఒక్క మాట చెప్పి ఫోను పెట్టేస్తారు. మీరు అవతలివాళ్లు పెట్టేదాకా పెట్టకండి. అంబులెన్సు వచ్చేలోగా ఏం చేయాలో వాళ్లే చెబుతారు. స్పీకర్ పెట్టి ఫోనును పక్కన ఉంచుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.